వేలంలో కొన్న మిలిటరీ ట్రక్కును 1400 మైళ్ళ దూరం తరలించడం ఎలా?

ప్రశ్న: అమెరికా సైన్యం వాడి పక్కన పెట్టిన ఎం-923 ఏ2 రకం ఐదు టన్నుల ట్రక్కును ఆన్‌లైన్ వేలంలో కొన్నాను. అది జార్జియా రాష్ట్రంలోని ఒక యార్డులో ఉంది, నేను ఉండేది కొలరాడోలో. రవాణాకు ముగ్గురు బ్రోకర్లను అడిగితే ముగ్గురూ పొంతన లేని ధరలు చెప్పారు. అందరికంటే తక్కువ చెప్పిన వ్యక్తి డిపాజిట్ ఈరోజే కట్టమంటున్నాడు. బండి స్టార్ట్ అవుతుందో లేదో యార్డు వారు కచ్చితంగా చెప్పడం లేదు. గడువు దాటితే రోజుకింత చొప్పున నిల్వ రుసుము పడుతుందని మాత్రం గుర్తుచేస్తున్నారు. స్నేహితులేమో విమానంలో వెళ్ళి నడుపుకొని వచ్చెయ్యమంటున్నారు. ఏది మంచిది?

సమాధానం: ముందుగా మీ స్నేహితుల సలహా సంగతి చూద్దాం, ఎందుకంటే అది వినడానికి అన్నిటికంటే చవకగా, ఉత్సాహంగా ఉంటుంది. నడుపుకొని రావద్దు. మీరు కొన్న బండికి ఎంత గట్టి పేరున్నా, అది ఎన్నాళ్ళుగా కదలకుండా నిలిచి ఉందో మీకు తెలియదు. టైరు పక్కగోడ మీద చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ తయారైన వారాన్ని, తర్వాతి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. 2411 అని ఉంటే అది 2011లో 24వ వారంలో తయారైన టైరు. పైకి గాడులు కొత్తవాటిలా కనిపిస్తున్నా, ఎండకు ఎండి పగుళ్ళిచ్చిన ఆ రబ్బరు గంటల తరబడి రహదారి వేడిని తట్టుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా ఈ శ్రేణి ట్రక్కులు తడి రోడ్ల మీద అదుపు తప్పి బోల్తా పడుతుండటంతో ఒక దశలో సైన్యమే వాటి వేగాన్ని గంటకు 40 మైళ్ళకు పరిమితం చేసి, తర్వాత చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకులు అమర్చింది. మీ బండికి అవి అమర్చారో లేదో చూడనిదే తెలియదు. వీటన్నిటికీ తోడు కాగితాల చిక్కు ఒకటుంది. యాజమాన్య పత్రం పొందడానికి ఆధారమయ్యే ఎస్ఎఫ్-97 ఫారం సాధారణంగా బండితోపాటు చేతికి రాదు, వారాలు పట్టవచ్చు. అది లేకుండా నంబరు ప్లేటూ, బీమా దొరకడం కష్టం. ఎయిర్ బ్రేకులున్న ఇంత బరువైన బండిని సొంత పనికి నడపడానికి ఏ లైసెన్సు కావాలన్నది కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాబట్టి మొదటి ప్రయాణం ట్రెయిలర్ మీదే చేయించండి.

ఇక ధరల్లో పొంతన లేకపోవడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. మీరు ముగ్గురికీ "ఐదు టన్నుల ట్రక్కు" అనే చెప్పి ఉంటారు. ఆ ఐదు టన్నులు దారి లేని నేల మీద అది మోయగల సరుకు బరువే తప్ప దాని సొంత బరువు కాదు. ఖాళీగా ఉన్నప్పుడే ఎం-923 ఏ2 సుమారు 21,000 పౌండ్లు, అంటే పదిన్నర అమెరికా టన్నుల వరకు తూగుతుంది. విన్నవారిలో ఒకరు పదివేల పౌండ్ల బండి అనుకొని ధర చెప్పి ఉంటారు, ఇంకొకరికి నిజమైన బరువు తెలిసి ఉంటుంది, మూడోవారు ఎందుకైనా మంచిదని భారీ యంత్రాల లెక్కన చెప్పి ఉంటారు. ముగ్గురూ మూడు వేర్వేరు బళ్ళకు ధర కట్టారన్న మాట. బరువు, పొడవు, వెడల్పు, ఎత్తు, తనంతట తాను కదులుతుందా లేదా అన్న ఐదు విషయాలను ఒకే కాగితం మీద రాసి అందరికీ అదే పంపితే, వచ్చే ధరలు ఒకదానికొకటి దగ్గరగా వస్తాయి. అప్పుడు కూడా విపరీతంగా తక్కువ చెప్పేవారు మిగిలితే వారి సంగతి వేరు, దాని గురించి తర్వాత చెబుతాను.

ఆ ఐదింటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఎత్తు. వెడల్పు మీకు అడ్డు కాదు. ఈ బండి వెడల్పు సుమారు 98 అంగుళాలు, ప్రధాన రహదారుల మీద అనుమతి లేకుండా వెళ్ళగల గరిష్ఠ వెడల్పు 102 అంగుళాలు. పొడవు 26 అడుగుల దరిదాపుల్లో ఉంటుంది కనుక అదీ సమస్య కాదు. బరువు విషయంలోనూ ట్రాక్టరు (ట్రెయిలర్‌ను లాగే ట్రక్కు), ట్రెయిలరు, మీ బండి అన్నీ కలిసి 80,000 పౌండ్ల సమాఖ్య (కేంద్ర ప్రభుత్వ) పరిమితికి చాలా లోపలే ఉంటాయి. ఎత్తుకు మాత్రం సమాఖ్య పరిమితి అంటూ లేదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిర్ణయించుకుంటుంది. తూర్పు, దక్షిణ రాష్ట్రాలలో చాలావాటిలో అది 13 అడుగుల 6 అంగుళాలు, పశ్చిమాన కొన్నిచోట్ల 14 అడుగులు, ఆపైన కూడా ఉంటుంది. మీ బండి బయలుదేరేది జార్జియాలో కనుక 13 అడుగుల 6 అంగుళాలనే, అంటే 162 అంగుళాలనే హద్దుగా పెట్టుకొని లెక్క వేయండి.

లెక్క కష్టమైనది కాదు. గుడ్డ కప్పుతో కలిపి మీ బండి ఎత్తు సుమారు పది అడుగులు, అంటే 120 అంగుళాలు. చదునైన పడక ఉండే మామూలు ఫ్లాట్‌బెడ్ ట్రెయిలర్ నేల నుంచి ఐదడుగుల ఎత్తున ఉంటుంది. దాని మీద పెడితే మొత్తం 15 అడుగులవుతుంది కనుక కప్పు తీయకుండా ఆ దారి మూసుకుపోయినట్లే. స్టెప్‌డెక్ అనే ట్రెయిలర్‌లో ముందు భాగం ఎత్తుగా, వెనుక పొడవాటి భాగం మెట్టు దిగినట్లు తక్కువగా ఉంటుంది. ఆ దిగువ భాగం 40 అంగుళాల ఎత్తున ఉంటే మొత్తం 160 అంగుళాలవుతుంది, అంటే హద్దుకు రెండంగుళాల లోపల. లోబాయ్ అనే ట్రెయిలర్ పడక అయితే నేలకు రెండడుగుల లోపే ఉంటుంది కాబట్టి ఎత్తు గురించి ఆలోచించనవసరమే లేదు. అయితే లోబాయ్‌లు సంఖ్యలో తక్కువ, వాటికి భారీ యంత్రాల పని ఎప్పుడూ ఉంటుంది కనుక ధర ఎక్కువ.

రెండంగుళాల తేడాతో బయటపడ్డామని సంతోషించడం తొందరపాటే. స్టెప్‌డెక్‌లన్నీ ఒకే ఎత్తున ఉండవు, టైర్లలో గాలి పూర్తిగా నింపితే మీ బండి కొంత పైకి లేస్తుంది, గుడ్డ కప్పు గాలికి ఉబ్బుతుంది. అందుచేత బండిని పొట్టి చేయండి. ఈ సైనిక ట్రక్కులను మొదటినుంచీ ఓడల్లో, రైళ్ళలో పంపడానికి వీలుగా తయారుచేశారు కనుక అది సాధ్యమే. క్యాబ్ మీది గుడ్డ కప్పును విప్పి, ముందు అద్దం చట్రాన్ని హుడ్ మీదికి వాల్చి, పైకి లేచి ఉన్న పొగగొట్టాన్ని ఊడదీసి, సరుకు భాగం మీద గుడ్డను నిలిపే కమానులనూ, పక్క చట్రాలనూ తీసి లోపల పడుకోబెట్టి కడితే, ఎత్తు సుమారు ఎనిమిది అడుగుల దరిదాపుకు దిగుతుంది. అప్పుడు ఏ స్టెప్‌డెక్ అయినా సరిపోతుంది, అనుమతి పత్రాల మాట ఉండదు. యార్డులో ఎక్కించడానికీ, మీ దగ్గర దించడానికీ ట్రెయిలర్ పడక ఎత్తున ఉండే లోడింగ్ గట్టు దొరికే పక్షంలో మామూలు ఫ్లాట్‌బెడ్ కూడా పనికివస్తుంది. అన్నీ విప్పిన తర్వాత అన్నిటికంటే ఎత్తుగా మిగిలిన భాగం ఏదో చూసి, అక్కడినుంచి నేల వరకు టేపు పెట్టి కొలిపించండి. ఒక్కోసారి అది స్టీరింగ్ చక్రమవుతుంది, ఒక్కోసారి క్యాబ్ వెనుక నిలబెట్టిన స్టెపినీ టైరు అవుతుంది. పుస్తకంలోని కొలతను నమ్ముకోవద్దు. సైన్యంలో ఉన్న కాలంలో ఆ బండికి ఎవరు ఏమి బిగించారో పుస్తకానికి తెలియదు.

పొట్టి చేయకుండా, హద్దు మించిన ఎత్తుతో పంపితే ఏమవుతుందని మీరు అడగవచ్చు. పంపవచ్చు. కానీ దారిలోని ప్రతి రాష్ట్రం నుంచీ విడివిడిగా అనుమతి తీసుకోవాలి, ఆ రాష్ట్రం చెప్పిన దారిలోనే వెళ్ళాలి, సాధారణంగా పగటిపూట మాత్రమే నడపాలి, ఎత్తు మరీ ఎక్కువైతే కొలత కర్ర బిగించిన పైలట్ కారు ముందు నడవాలి. ఇవన్నీ రవాణాదారే చేస్తాడు, ఖర్చు మాత్రం మీ మీద పడుతుంది. రెంచీ పట్టుకొని సగం పూట పనిచేస్తే తప్పిపోయే ఖర్చు ఇది.

ఇప్పుడు బండి కదులుతుందా లేదా అన్న విషయానికి వద్దాం. మీ ఉత్తరంలో ఇది ఒక్క వాక్యంలో వచ్చింది గానీ, యార్డుకు వచ్చిన ట్రెయిలర్ ఖాళీగా తిరిగి వెళ్ళిపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. "స్టార్ట్ అవుతుంది" అన్న మాటకు రవాణాదారు దృష్టిలో అర్థం ఒక్కటే. బండి తన ఇంజిన్‌తో తాను కదలాలి, స్టీరింగ్ తిరగాలి, బ్రేకులు పట్టాలి, వదలాలి. ఈ నాలుగింటిలో ఏది లేకున్నా దాన్ని కదలని బండిగానే చెప్పండి. ధర కొంత పెరుగుతుంది, కానీ వించి (తాడుతో బండిని పైకి లాగే యంత్రం) ఉన్న ట్రెయిలర్ వస్తుంది. వంగి నేలకు ఆనే పడక, గట్టి వించి రెండూ ఉన్న ల్యాండాల్ రకం ట్రెయిలర్ ఇలాంటి బళ్ళకు బాగా పనికివస్తుంది.

వించి ఉన్నంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే ఈ బండికి ఉన్నవి ఎయిర్ బ్రేకులు. ట్యాంకుల్లో గాలి లేనప్పుడు వెనుక ఇరుసుల మీది స్ప్రింగులు బ్రేకులను బిగించి పట్టేస్తాయి. గాలి పోతే బండి ఆగిపోవాలన్న భద్రత కోసమే ఆ ఏర్పాటు. ఇంజిన్ నడవని బండిలో గాలి ఉండదు, గాలి లేనిదే చక్రాలు తిరగవు, తిరగని చక్రాల మీద పదిన్నర టన్నుల బండిని ఈడ్చబోతే వించి తాడయినా తెగుతుంది, టైర్లయినా చిరుగుతాయి. దీనికి రెండు మార్గాలున్నాయి. ఈ ట్రక్కుల ముందు బంపరు దగ్గర, బండి పాడైనప్పుడు లాక్కెళ్ళే బండి నుంచి గాలి అందుకోవడానికి గ్లాడ్‌హ్యాండ్ కప్లింగులుంటాయి. వచ్చిన ట్రాక్టరు దగ్గర సరిపడా గొట్టాలుంటే వాటి ద్వారా గాలి ఎక్కించి బ్రేకులు వదిలించవచ్చు. గాలి ఎక్కడో కారిపోతూ నిలవకపోతే, స్ప్రింగు ఛాంబర్లలో పొడవాటి బోల్టు దూర్చి స్ప్రింగును వెనక్కి లాగి పట్టాలి. దీన్ని కేజింగ్ అంటారు. ఆ స్ప్రింగులో ఉన్న బలం మనిషి ప్రాణం తీయగలిగినంతటిది కాబట్టి అది తెలిసిన మెకానిక్ చేయవలసిన పని, చక్రాల కింద దిమ్మలు పెట్టిన తర్వాతే చేయవలసిన పని. మీ బండి ఎం-35 రకం రెండున్నర టన్నుల పాత ట్రక్కు అయి ఉంటే ఈ బాధ ఉండేది కాదు, దాని బ్రేకుల పద్ధతి వేరు. ఈ తేడా తెలియని డ్రైవర్లు "మిలిటరీ ట్రక్కులు ఎన్నో ఎక్కించాం" అని చెప్పి వచ్చి బిత్తరపోవడం అరుదేమీ కాదు.

ఇంజిన్ బాగున్నా బండి స్టార్ట్ కాకపోవడానికి చిన్న కారణాలు రెండున్నాయి. మొదటిది బ్యాటరీలు. ఈ ట్రక్కులది 24 వోల్టుల వ్యవస్థ, వేలం యార్డులలో బ్యాటరీలు చచ్చిపోయి ఉండటమో, అసలే లేకపోవడమో మామూలే. మామూలు కారు నుంచి తీగలు కలిపితే లేవదు. బయటి నుంచి కరెంటు అందుకోవడానికి బండి పక్కన ఉండే నాటో సాకెట్‌కు సరిపోయే కేబుల్, 24 వోల్టుల మూలం రెండూ కావాలి. రెండోది తాళం. సైనిక ట్రక్కులకు కారులో లాగా ఇగ్నిషన్ తాళంచెవి ఉండదు, మీట తిప్పితే చాలు. అందుకే వాటిని ఎవరూ తోలుకుపోకుండా స్టీరింగ్ చక్రానికి గొలుసు చుట్టి తాళం వేస్తారు, ఆ తాళంచెవి బండితోపాటు వేలానికి వస్తుందన్న నమ్మకం లేదు. స్టీరింగ్ తిరగని బండిని ట్రెయిలర్ మీదికి సూటిగా ఎక్కించడం అసాధ్యం. యార్డు ఫొటోలలో క్యాబ్ లోపలి బొమ్మను పెద్దది చేసి చూడండి, గొలుసు కనిపిస్తే గొలుసు కోసే కత్తెర తెచ్చుకోమని అక్కడికి వెళ్ళే మనిషికి ముందే చెప్పండి.

ఇవన్నీ దూరం నుంచి ఫోన్‌లో చక్కబెట్టడం కష్టం. నా సలహా ఏమిటంటే, యార్డుకు దగ్గరలో భారీ డీజిల్ బళ్ళ పని తెలిసిన సంచార మెకానిక్ ఒకరిని ఒక పూటకు మాట్లాడుకోండి. ఆయన వెళ్ళి బ్యాటరీలు పెట్టి, గాలి నిలుస్తుందేమో చూసి, కప్పు విప్పి, ఎత్తు కొలిచి, ఫొటోలు పంపితే రవాణాదారుకు ఇవ్వవలసిన వివరాలన్నీ ఒకేసారి మీ చేతికి వస్తాయి. యార్డు లోపల మరమ్మతులకు కొన్నిచోట్ల ఒప్పుకోరు, ముందు అడగండి. యార్డు వారు తమ యంత్రాలతో ఎక్కించి ఇస్తారా, లేక ఎక్కించుకోవడం కొనుగోలుదారు బాధ్యతా అన్నదీ అప్పుడే రాతపూర్వకంగా తెలుసుకోండి. కొన్నదాన్ని దేనికి వాడతారో తెలిపే తుది వినియోగ ధ్రువపత్రం అవసరమైన లాట్లలో (వేలంలో ఒక్కో అంశాన్ని లాటు అంటారు) ఆ పత్రం ఆమోదం పొందేదాకా బండిని గేటు దాటనివ్వరు, కాబట్టి మీ లాటుకు ఆ షరతు ఉందేమో చూసుకొని, ఆమోదం వచ్చిన తర్వాతే ట్రెయిలర్‌కు తేదీ ఇవ్వండి.

ట్రెయిలర్ ఎంపికలో ఇంకొక జాగ్రత్త అవసరం. మీకు వచ్చిన అతి తక్కువ ధర హాట్‌షాట్ బండిది అయి ఉండవచ్చు. పెద్ద పికప్ వెనుక వంపు మెడ ఉండే గూస్‌నెక్ ట్రెయిలర్ తగిలించి తోలేవారిని అలా పిలుస్తారు. వారి ట్రెయిలర్లలో చాలావాటికి స్థూలబరువు పరిమితి 25,900 పౌండ్లు, అందులో ట్రెయిలర్ సొంత బరువే ఏడెనిమిది వేలు పోతుంది. సుమారు 13,000 పౌండ్లుండే ఎం-35 ట్రక్కును వారు హాయిగా తీసుకెళ్ళగలరు, మీ బండిని మాత్రం చట్టబద్ధంగా మోయలేరు. బరువు సరిగా తెలియక ఒప్పుకున్నవాడు యార్డుకు వచ్చి చూసి వెనక్కి వెళ్ళిపోతాడు, వచ్చిన ఖర్చు మాత్రం మీ దగ్గర అడుగుతాడు. తెలిసి కూడా ఎక్కించుకునేవాడు ఇంకా ప్రమాదకారి. దారిలో తూకం కేంద్రంలో ఆపేస్తే మీ బండి ఏదో రాష్ట్రంలో రోడ్డు పక్కన దిగిపోతుంది.

ధర నిజంగా తగ్గాలంటే తేదీ విషయంలో పట్టు సడలించడమే మేలైన మార్గం. స్టెప్‌డెక్ మొత్తం పొడవులో మీ బండి సగం మాత్రమే ఆక్రమిస్తుంది, అది మోయగల బరువులోనూ సగం కంటే తక్కువే వాడుకుంటుంది. మిగిలిన చోట ఇంకొకరి సరుకు వేసుకొనే వీలుంటే రవాణాదారు మీకు పూర్తి ట్రెయిలర్ ధర వేయనక్కరలేదు. "పార్షియల్ లోడ్‌గా ఒప్పుకుంటాను, పది రోజుల వ్యవధిలో ఎప్పుడైనా ఎత్తండి" అని చెప్పగలిగితే ఫలితం కనిపిస్తుంది. కానీ యార్డు గడువు మీ మెడ మీద ఉంది కదా. అందుకు గడువు పొడిగించమని ముందు అడగండి. కుదరకపోతే దగ్గరలోని భారీ టోయింగ్ సంస్థ చేత బండిని యార్డు బయటికి తీయించి, వారి స్థలంలోనే కొన్నాళ్ళు ఉంచుకొని, తీరికగా రవాణా మాట్లాడుకోవడం తొందరలో చేసుకునే చెడు ఒప్పందం కంటే తరచుగా చవకగానే తేలుతుంది. టోయింగ్ చేసేవారు చక్రాల మీద లాగదలిస్తే, గేర్‌బాక్సు నుంచి చక్రాలకు బలం అందించే డ్రైవ్‌షాఫ్టులు విప్పించండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆటోమేటిక్ గేర్‌బాక్సులో నూనె పంపు తిరగదు, చక్రాలు మాత్రం లోపలి భాగాలను తిప్పుతూనే ఉంటాయి, కొద్ది మైళ్ళలోనే అది కాలిపోవచ్చు.

ఇక డిపాజిట్ ఈరోజే కట్టమంటున్న బ్రోకర్ సంగతి. బ్రోకర్‌కు సొంత బళ్ళుండవు, మీ పనిని లోడ్‌బోర్డు అనే ఆన్‌లైన్ జాబితాలో పెట్టి ఎవరైనా రవాణాదారు ఎత్తుకునేలా చూడటమే ఆయన వృత్తి. అందులో తప్పేమీ లేదు, మంచి బ్రోకర్లు ఎందరో ఉన్నారు. అయితే పని చేజిక్కించుకోవడానికి ముందు తక్కువ ధర చెప్పి డిపాజిట్ పట్టుకొని, ఆ ధరకు ఎవరూ రాక రోజులు గడిచి, యార్డు గడువు ముంచుకొచ్చినప్పుడు "ఇంకొంచెం పెంచితే ఈరోజే బండి దొరుకుతుంది" అని ఫోన్ చేయడం ఈ రంగంలో పాత పద్ధతి. కాబట్టి రవాణాదారు ఖరారై, ఆయన పేరు, యూఎస్‌డాట్ నంబరు (ప్రభుత్వ నమోదు సంఖ్య), ఎత్తే తేదీ రాతలో వచ్చేదాకా డబ్బు కట్టవద్దు. ఆ నంబరును సమాఖ్య రవాణా భద్రతా సంస్థ ఎఫ్ఎంసీఎస్ఏ నడిపే సేఫర్ వెబ్‌సైటులో కొట్టి చూస్తే, ఆ నంబరున్న సంస్థకు అధికారం అమలులో ఉందో లేదో, అది రవాణాదారో, బ్రోకరో, రెండూనో తెలుస్తుంది. ఈమెయిల్‌లో ఇచ్చిన ఫోన్ నంబరుకు కాకుండా సేఫర్‌లో నమోదైన నంబరుకే ఫోన్ చేసి "ఈ లోడు మీరే ఒప్పుకున్నారా" అని అడగండి. ఇంకొకరి పేరు పెట్టుకొని లోడు ఎత్తుకుపోయేవారు, తీసుకున్న పనిని చెప్పకుండా మరొకరికి అమ్మేవారు ఆ ఒక్క ఫోన్‌తోనే చాలావరకు బయటపడతారు.

బీమా గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. ఇంత బరువు మోసే రవాణాదారుకు సమాఖ్య నిబంధనల ప్రకారం కనీసం 7,50,000 డాలర్ల బీమా ఉండాలన్నది నిజమే, కానీ అది రోడ్డు మీద ఇతరులకు జరిగే నష్టానికి. ఇళ్ళ సామాను తరలించేవారికి తప్ప మిగిలినవారికి సరుకు బీమా తప్పనిసరన్న సమాఖ్య నిబంధన ఇప్పుడు లేదు. బ్రోకర్ కట్టే 75,000 డాలర్ల బాండు కూడా మీ ట్రక్కుకు జరిగే నష్టం కోసం ఉద్దేశించినది కాదు. అందువల్ల సరుకు బీమా ధ్రువపత్రాన్ని బీమా ఏజెంటు నుంచే నేరుగా తెప్పించుకొని, బీమా మొత్తం మీ బండి విలువకు సరిపోతుందా, వాడిన వాహనాలను, యంత్రాలను మినహాయించారా అన్న రెండూ చూడండి. సరుకు అప్పగింతకు రాసే బిల్ ఆఫ్ లేడింగ్ అనే పత్రంలో నష్టపరిహారాన్ని పౌండుకు ఇంత అని తగ్గించే వాక్యం ఉంటే దాన్ని చదవకుండా సంతకం పెట్టవద్దు.

ఎక్కించిన తర్వాత కట్టే పద్ధతి డ్రైవర్ బాధ్యతే అయినా, మీ మనిషి అక్కడ ఉంటే చూడవలసినవి కొన్ని ఉన్నాయి. పదివేల పౌండ్లు దాటిన వాహనాన్ని కనీసం నాలుగు చోట్ల, నాలుగు మూలలకు దగ్గరగా కట్టాలని నిబంధన. కట్టిన గొలుసులన్నిటి పనిబలం (సురక్షితంగా తట్టుకోగల భారం) కలిపి బండి బరువులో సగానికి తగ్గకూడదు, అయితే ట్రెయిలర్ నుంచి నేరుగా బండికి తగిలించే గొలుసుకు దాని పనిబలంలో సగమే లెక్కకు వస్తుంది. ఎనిమిదింట మూడు అంగుళాల మందమున్న గ్రేడ్ 70 గొలుసు పనిబలం 6,600 పౌండ్లు. అటువంటివి నాలుగైతే లెక్కకు వచ్చేది 13,200, మీ బండికి కావలసింది సుమారు 10,500. నాలుగు సరిపోతాయి, కానీ నేనైతే ఆరు అడుగుతాను. సైనిక ట్రక్కులకు ముందూ వెనకా కట్టడానికే పెట్టిన బలమైన కొక్కేలుంటాయి. గొలుసులను వాటికీ, ఇరుసులకూ తగిలించాలి. చట్రానికి మాత్రమే కడితే దారిలో స్ప్రింగులు అణిగి లేచినప్పుడల్లా గొలుసు వదులవుతుంది. బయలుదేరిన మొదటి 50 మైళ్ళలోపు, ఆ తర్వాత 150 మైళ్ళకో మూడు గంటలకో ఒకసారి డ్రైవర్ ఆగి కట్లు చూసుకోవాలన్న నిబంధన ఉన్నది అందుకే.

బండి ముఖం ముందువైపుకే ఉండేలా ఎక్కించమనండి. ఈ శ్రేణి హుడ్ ముందుకు తెరుచుకొనేది కనుక, తిరగేసి పెడితే గంటకు 65 మైళ్ళ గాలి క్యాబ్ వైపు నుంచి దాని కిందికి దూరుతుంది. వాల్చిన అద్దం చట్రాన్ని కింద మెత్తటి దిమ్మ పెట్టి కట్టాలి. విప్పిన గుడ్డ, కమానులు, పొగగొట్టం సరుకు భాగంలో పట్టీలతో బిగించాలి. వదులుగా ఉన్న పెట్టె మూత, పిన్ను, డబ్బా ఏదైనా సరే తీసి క్యాబ్‌లో పెట్టించండి, దారిలో జారిపడే ఇనుపముక్క వెనక వచ్చేవారికి ప్రాణాంతకం.

డ్రైవర్లు రోజుకు 11 గంటలకు మించి నడపకూడదు కనుక 1400 మైళ్ళకు మూడు రోజులు పట్టడం సహజం. పార్షియల్ లోడ్ అయితే ఇంకా ఎక్కువ. ఈ వ్యవధిలో మీరు చేయవలసింది దించే చోటును సిద్ధం చేయడం. ట్రాక్టరు, ట్రెయిలరు కలిసి 70 అడుగులు దాటే ఆ బండి మీ వీధిలో తిరగలేకపోవచ్చు, చెట్ల కొమ్మలు, తీగలు అడ్డురావచ్చు. దగ్గరలో విశాలమైన గట్టి నేల ఉన్న స్థలాన్ని యజమాని అనుమతితో మాట్లాడి ఉంచండి. జార్జియాలో స్టార్ట్ అయిన బండి కొలరాడో చలిలో మొరాయించవచ్చు కాబట్టి 24 వోల్టుల బ్యాటరీల జత మీ దగ్గర కూడా ఉండాలి, ఒక భారీ టోయింగ్ సంస్థ ఫోన్ నంబరు కూడా దగ్గర పెట్టుకోండి. ఇంజిన్ లేవగానే కదిలించవద్దు. గాలి తక్కువగా ఉందని మోగే బజరు ఆగి, పీడనం పూర్తిగా ఎక్కేదాకా ఆగమని డ్రైవర్‌కు చెప్పండి.

దింపిన తర్వాత, సంతకానికి ముందు, బండి చుట్టూ తిరిగి చూసి యార్డులో తీసిన ఫొటోలతో పోల్చండి. కొత్త సొట్ట, పగిలిన దీపం, నూనె మరక, పోయిన వస్తువు ఏది కనిపించినా బిల్ ఆఫ్ లేడింగ్ మీదే రాసి, ఆ పైనే సంతకం పెట్టి, ఆ కాగితాన్ని ఫొటో తీసుకోండి. డ్రైవర్ తొందరపెట్టినా, చీకటి పడినా టార్చి వేసుకొని చూడండి. రాష్ట్రాల మధ్య రవాణాలో నష్టపరిహారం అడగడానికి రవాణాదారు మీకు కనీసం తొమ్మిది నెలల వ్యవధి ఇవ్వాలన్నది చట్టం. ఆ అభ్యర్థన బ్రోకర్‌కు కాదు, బండి మోసిన రవాణాదారుకే రాతపూర్వకంగా పంపాలి.